చింతపులుసులో కంది కట్టెలు

ఉదయం ఏడుంబావుకు మా అక్క తాండూరు బండిలోంచి నేను ఎదురుచూస్తున్న వికారాబాద్ ప్లాట్‌ఫాం మీదికి కంది కట్టెల మూట విసిరేసి, తర్వాత తాను దిగింది.

"ధారూర్ దాంక నిలబడే వచ్చిన తమ్మీ. మూటకే సీటు దొరికింది."

నేను పట్నంలో ఒక ల్యాబ్‌లో సోడియం బ్యాటరీల మీద పనిచేస్తాను. సోడియం ఉప్పులో ఉంటుంది, దానికోసం గనులు తవ్వక్కర్లేదు. బ్యాటరీ లోపల ఒకవైపు బొగ్గు కావాలి. కంది కట్టెలను గాలి తగలకుండా కాల్చి ఆ బొగ్గు చేస్తాను.

"గింత సదివి బొగ్గులోనివైనవ్," అనేది అక్క. పోయినవాళ్లను మంచివాళ్లుగా మార్చి రాయడం నాకు చేతకాదు. ఆమె నోరు మంచిది కాదు.

మొదటి మూటతో చేసిన బ్యాటరీ బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాతి మూడు మూటలతో చేసినవి పనిచేయలేదు. మళ్లీ అదే ఫలితం చూపించకపోతే పని ఆపేయమన్నారు ల్యాబ్‌లో మా పెద్దాయన. కొలిమి వేడి మార్చాను. గ్యాస్ మార్చాను. ఏమీ తేలక, చివరికి తాండూరు పోయి అక్కను అడిగాను.

"మొదటి మూటను ఏమన్న చేసినవా అక్కా?"

"కట్టెలకు బండల పాలిష్ దుమ్ము పట్టె. పిడికెడు చింతపండు పిసికి, ఇత్తడి బిందెల లెక్క తోమిన. పెద్ద సైంటిస్టువి, నీ ఇజ్జత్ పోవద్దని."

"మరి తర్వాత?"

"కట్టెలు మంచిగున్నయని ఒక్క మాటన్న అన్నవా?"

అనలేదు. ఆమ్లంతో కడిగితే కట్టెలోని ఖనిజాలు పోయి బొగ్గు బాగా పనిచేస్తుందని పుస్తకాల్లో ఉంది. ఆమ్లం ముట్టకుండా, ప్రకృతికి హాని లేకుండా చేయాలని పంతం పట్టింది నేనే. చింతపండు కూడా ఆమ్లమేనని నాకు తట్టలేదు.

ఆ రోజు అక్క ముందు నిలబడి కట్టెలు చాలా బాగున్నాయని చెప్పాను.

"గీ మాటకు మూడు మూటలు పట్టినయ్," అని ఇంకో మూట కడగడానికి చింతపండు నానబెట్టింది. ఆ మూటతో ఫలితం మళ్లీ వచ్చింది. పని ఆగిపోకుండా నిలబడింది.

ఎంత చింతపండు వాడారని మా పరిశోధన అచ్చువేసే పత్రిక వాళ్లు అడిగారు. పిడికెడు అని రాయలేను. ఒకరోజు ఆమె పిడికెడు ఎంతో తూచి చూద్దామనుకుంటుండగానే అక్క పోయింది. నా పిడికెడుతో రెండుసార్లు ప్రయత్నించాను. ఒకసారి ఎక్కువైంది, ఒకసారి తక్కువైంది.

ఇప్పుడు నిమ్మ ఉప్పు తూచి వాడుతున్నాం. చింతపండుతో కట్టెలు కడగడం లేదు.