ఏరేటర్లు ఆగితే

కాట్రేనికోన దగ్గర మా రొయ్యల చెరువులో ఆల్చిప్ప కోసుకుని నా భర్త కాలు వాచింది. ఆసుపత్రిలో మందు వెనక మందు మార్చారు. ఏదీ పనిచెయ్యలేదు.

ఆయన జ్ఞాపకార్థ కూటానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయాక చెరువు గట్టు మీద నేను, మా అమ్మాయి, మా మరిది మిగిలాం. అమ్మాయి హైదరాబాదులో కొత్త యాంటీబయాటిక్‌ల కోసం వెతికే ల్యాబులో పనిచేస్తుంది.

"ఇంతకీ అక్కడ నువ్వు చేసేదేంటమ్మా?" అని మరిది అడిగాడు.

అమ్మాయి నీళ్లకి గాలి అందిస్తూ తిరుగుతున్న ఏరేటర్ల వైపు చూపించింది. "ఒక పూట మేత ఆపినా రొయ్య బతుకుతుంది బాబాయ్. అవి ఆగిపోతే?"

"తెల్లారేసరికి అన్నీ తేలిపోతాయి."

"బ్యాక్టీరియాకీ అలాంటి ఎంజైములు కొన్ని ఉంటాయి. అవి ఆగితే అది బతకలేదు. వాటిలో ఒకదాన్ని ఆపే మందు కోసం చూస్తున్నాం. పాత మందులకి లొంగనివి దీనికి లొంగాలి."

అన్నగారు పోయాక మరిది ముఖం అంత తేటపడడం నేను చూడలేదు. "అది రాగానే ముందు నాకు చెప్పు. రొయ్యల మేతలో ఎంత కలిపినా పాత మందులేవీ పట్టడం లేదు."

అమ్మాయి మెల్లగా అంది.

"నాన్నకి పనిచెయ్యనివీ ఆ మందులే బాబాయ్."

"అందుకే కదమ్మా, కొత్తది అడుగుతున్నాను."

చెప్పులు గట్టున విడిచి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడడానికి అతను నీళ్లలోకి దిగాడు.