మల్లయ్య ఇంటికి సున్నా

1962 ఏప్రిల్‌లో నన్ను డ్రాయింగ్ హయ్యర్ పరీక్షకు సహాయ ఎగ్జామినర్‌గా మహబూబ్‌నగర్ కేంద్రానికి వేశారు. అప్పుడు నేను నల్లగొండ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని. బడిలో డ్రాయింగ్ మాస్టరు కొలువు ఖాయం కావాలంటే ఈ పరీక్ష ప్యాసు కావాల్సిందే. అందులో మెమరీ డ్రాయింగ్ అని ఒక పేపరుండేది. ఎదుట ఏ వస్తువూ పెట్టరు, అడిగినదాన్ని జ్ఞాపకం మీద గీయాలి.

ఆ ఏడు ప్రశ్న "మీ ఇల్లు గీయండి" అని.

రాసినవాళ్లలో మల్లయ్య ఒకడు. జడ్చర్ల దగ్గరి బడిలో తాత్కాలిక మాస్టరు, గొర్రెల కాపరుల ఇంట పుట్టినవాడు. ఇవాళ ఆయన బొమ్మలకు హైదరాబాదులో ప్రదర్శనలు పెడుతున్నారు. ఇల్లు, జ్ఞాపకం, అస్తిత్వం అంటూ పత్రికల్లో పేజీలకు పేజీలు రాస్తున్నారు. రాయనీ. ఆ ఇంటికి మొదట సున్నా వేసిన మార్కుల పట్టీ మీద నా సంతకం కూడా ఉంది. ఆ సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మల్లయ్య కాగితంలో గోడ లేదు, కప్పు లేదు. చుట్టూ తుమ్మకంప, దాని లోపల వలయంగా పడుకున్న గొర్రెలు, నడుమ కర్రల మీద నిలబెట్టిన గొంగడి, దాని కింద మూడు రాళ్ల పొయ్యి. ఏ వైపు గొర్రెలను ఆ వైపుకు తిరిగి చూసినట్టే గీశాడు, అన్నీ సరిగ్గా చూడాలంటే కాగితం తిప్పుతూ పోవాలి. నేను తిప్పి చూసి, గీత బలం చూసి, ప్యాసు మార్కుకు పైనే వేశాను.

చీఫ్ ఎగ్జామినర్ కాగితం తిప్పలేదు. మా మార్కుల పద్ధతిలో పర్‌స్పెక్టివ్‌దే పెద్ద వాటా. అంటే దూరం పోయేకొద్దీ గోడల గీతలు దగ్గర పడాలి. ఆయన స్కేలు పెట్టి కొలవడానికి గీత దొరకలేదు. నంబరు చూసి, తర్వాతి పేపరు కోసం బయట ఆగి ఉన్న మనిషిని లోపలికి పిలిపించాడు. దిద్దేటప్పుడు అభ్యర్థిని పిలవడం నిబంధనలకు విరుద్ధమని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

"నేనడిగింది ఇల్లు. గొర్రెల దొడ్డి కాదు," అన్నాడు.

మల్లయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏడాదిల ఎనిమిది నెలలు మాకు గదే ఇల్లు సార్. మంద ఏ చెల్కల ఆగితే గాడనే. నడుమ పండుకుంటె సుట్టూ గిట్లనే అగుపిస్తది," అన్నాడు.

ఆ మాటకు చీఫ్ నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా మార్కు కొట్టేసి ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, పట్టీ నా ముందుకు తోశాడు. ఇద్దరం సంతకం చేస్తేనే మార్కు చెల్లుతుంది. చేయనంటే ఆ పేపరు మూడో ఎగ్జామినర్‌కు పోతుంది. ఆ సంగతి తెలిసి కూడా, పైవాడితో ఎందుకొచ్చిన గొడవ అనుకుని సంతకం పెట్టాను.

పరీక్ష తప్పాడని జూన్‌లో మల్లయ్యను బడి నుంచి తీసేశారు. ఏడాదంతా మళ్లీ మంద వెంట తిరిగాడు.

మరుసటి ఏడు అదే కేంద్రం, మేమిద్దరమే ఎగ్జామినర్లం. ఈసారి వీధి దృశ్యం అడిగారు. మల్లయ్య పెంకుటిళ్ల వరస గీశాడు. ప్రహరీలు, మెట్లు, కుండీల్లో పూలు, ప్రతి వాకిట్లో కొబ్బరి చెట్టు. గీతలన్నీ స్కేలుకు అతికినట్టు ఉన్నాయి. "ఇప్పుడు ఇతనికి జ్ఞాపకం కుదిరింది," అని చీఫ్ మెచ్చుకుని, ఆ గదిలో అందరికంటే ఎక్కువ మార్కులు వేశాడు.

బయట మల్లయ్య కనబడితే అది ఏ ఊరి వీధి అని అడిగాను.

"నాకేం తెల్సు సార్," అన్నాడు. "క్యాలెండర్ మీద సూసిన."

ఆ తర్వాత పదేళ్లు ఎగ్జామినర్‌గా పనిచేశాను. నాకు ఒప్పుదల లేని మార్కు మీద సంతకం చేయనని రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ పేపరు మూడో ఎగ్జామినర్‌కు పోయింది. నాకు మెమో రాలేదు, బదిలీ కాలేదు, ఒక్కరూ గట్టిగా మాట అనలేదు. నేను చేయనంటే నాకు పోయేదేమీ లేదని అలా తెలుసుకున్నాను. మహబూబ్‌నగర్‌లో ఆ రోజు కూడా ఏమీ పోయేది కాదు.