పసరు వద్దన్న కోడలి గొట్టం మాత్రలు

నందిగామలో డాక్టరుగారు రిపోర్టు మీంచి తలెత్తి, "పెద్దాయనకి పసరేమన్నా పోయించారా?" అని అడిగిన క్షణాన నేను ఒళ్ళో బ్యాగుని గట్టిగా పట్టుకున్నాను. ఆ బ్యాగులో ఉన్న ఘనకార్యం మొత్తం నాదే. చదివి నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు మాత్రం మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

మా మావయ్యగారు బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. ఒంట్లో హెపటైటిస్-బి ఎప్పటినుంచో ఉంది. ఈమధ్య స్కానులో కాలేయం మీద చిన్న గడ్డ కనబడింది. అది క్యాన్సరో కాదో తేల్చడానికి బెజవాడలో సూదితో ముక్క తీసి చూడాలన్నారు. తేదీ కూడా ఇచ్చారు. ఆ తేదీ వచ్చేలోగా ఇంట్లో ఖాళీగా ఉన్నవి రెండే: నేను, నా బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ.

"వేదాద్రి వెళ్ళే దారిలో ఎవరో ఆకుపసరు పోస్తారంటనే," అంది అత్తయ్య.

"లివరుతో ఆటలా అత్తయ్యా? చదువుకున్న ఇల్లు మనది!" అని కోర్టులో లాయరులా లేచాను.

"సర్లే తల్లీ. నీ చదువేం చెప్తే అదే చెయ్యి."

నా చదువు చెప్పడం మొదలెట్టింది. "కణంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలని సన్నసన్న పోగులుంటాయి అత్తయ్యా. అవి సొంతంగా ఏ ప్రోటీనూ తయారుచెయ్యవు. ఇంకోళ్ళు చెయ్యబోతుంటే పక్కన నిలబడి, 'చాల్లే, ఆపు' అంటాయి."

"అంటే నాలాగన్నమాట."

నేను పాఠం ఆపలేదు. "వైరస్ ఉన్న లివర్లో ఆక్సీకరణ ఒత్తిడని ఒకటి పెరుగుతుంది, ఇనుముకి తుప్పులాగా. దాని దెబ్బకి ఈ ఆపేవాటిలో కొన్నిటికి నోరు పడిపోతుంది, కొన్నిటికి నోరు లేస్తుంది. ఇంక కణాలు అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతాయి."

"బ్రేకులు ఫెయిలన్నమాట," అన్నారు మావయ్యగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఆ గొంతులో భయం నాకు వినిపించింది. ఇక ఆగలేకపోయాను.

పసుపు సారం ఆ ఒత్తిడిని తగ్గించి మైక్రో ఆర్‌ఎన్‌ఏలను దారికి తెచ్చిందని ఏదో వ్యాసంలో చదివాను. అందులోని కణాలు ల్యాబులో గాజుగిన్నెలో ఉన్నాయనీ, మావయ్యగారు జగ్గయ్యపేటలో మా ఇంట్లో ఉన్నారనీ నాకు తట్టలేదు. పసుపు సారంలో మిరియాల సారం కలిపిన గొట్టం మాత్రలు ఆన్‌లైన్లో తెప్పించాను. రోజుకొకటని సీసా మీద ఉంటే, జబ్బు పెద్దది కదా అని పూటకి రెండేసి మింగించాను.

"డాక్టర్ని అడిగావా?" అన్నారు మా ఆయన.

"పసుపుకి డాక్టరేంటండీ! పప్పులో వేసేముందు అడుగుతున్నామా?"

 బెజవాడ ప్రయాణం దగ్గరపడగా నా ప్రశ్నకి మావయ్యగారి కళ్ళే జవాబు చెప్పాయి. నేను వేసిన పసుపంతా అక్కడికే చేరినట్టు పచ్చబడ్డాయి. "కామెర్లే అమ్మాయ్!" అని అత్తయ్య గుండెలు బాదుకుంది. అందరం నందిగామ పరిగెత్తాం.

అక్కడే డాక్టరుగారు పసరు సంగతి అడిగింది. అందరం అత్తయ్యవైపు తిరిగాం.

"ఒట్టండీ, ఒక్క చుక్క పొయ్యలేదు. మా కోడలు పడనిస్తేగా!" అంది అత్తయ్య, నన్ను చూపించి గర్వంగా.

నేను బ్యాగులోంచి సీసా తీసి బల్లమీద పెట్టాను.

"పప్పులో పసుపు వేరమ్మా, ఇది వేరు. మిరియాల సారంతో ఒంట్లోకి ఇంకా ఎక్కువ ఎక్కుద్ది. కొందరి లివరు తట్టుకోదు. ఏం చదివావు?"

"బయోటెక్నాలజీ అండి."

"ఊఁ."

ఆ 'ఊఁ' కన్నా చెంపదెబ్బ నయం. రక్తం గడ్డకట్టడం మందగించింది, ఇప్పట్లో సూది గుచ్చరన్నారు. పరీక్ష వాయిదా పడింది. గడ్డ వాయిదాలు ఎరగదు కదా.

తిరుగు బస్సులో మావయ్యగారు, "బ్రేకులు బాగుచేస్తావనుకుంటే యాక్సిలరేటర్ తొక్కావేంటమ్మా," అని నవ్వారు. నేను ఏడ్చాను. అత్తయ్య కొంగుతో నా మొహం తుడిచి, "దీనికన్నా పసరే నయమేమోనే," అంది.

మాత్రలు ఆపాక పచ్చదనం తగ్గింది. ఆలస్యంగా జరిగిన పరీక్షలో అది క్యాన్సరేనని తేలింది. ఆ ఆలస్యంలో ఎంత పెరిగిందో చెప్పలేమన్నారు. నేను అడగడం మానలేదు. ఇప్పుడు మందులు నడుస్తున్నాయి, మావయ్యగారూ నడుస్తున్నారు.

ఇక సొంత వైద్యం చెయ్యనన్న నా ప్రతిజ్ఞ మాత్రం నందిగామ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే జరిగింది. స్కూలు బూట్లు తొడుక్కుంటున్న పిల్లలిద్దరి ముందు కుడిచెయ్యి చాచి నిలబడ్డాను.

"డాక్టరు రాయని మందు తాతయ్యకి ఎవరిస్తున్నా సరే, 'చాల్లే, ఆపు' అని గట్టిగా అరవండి."

"నానమ్మ ఇచ్చినా?" అంది పాప.

"నానమ్మ ఇచ్చినా. అమ్మ ఇస్తే వీధి చివరిదాకా వినపడాలి."