ఆమె పేరు మీదున్న కారు

కంపెనీ కారు నాకే వస్తుందని నమ్మి, మదనపల్లెలో డ్రైవింగ్ స్కూల్లో చేరి నెల రోజులు నేర్చుకున్నాను. లైసెన్సు కూడా తీసుకున్నాను. రైతుల పొలాల్లో డ్రిప్ పైపులు వేయించే కంపెనీ మాది. పదకొండేళ్లుగా స్కూటీ మీద తిరిగి పని చేస్తున్నాను. తీరా కారు వచ్చిన రోజు మా మేనేజరు సార్ తాళాలు తీసుకెళ్లి, నాకంటే తొమ్మిదేళ్లు చిన్నదైన అమ్మాయి చేతిలో పెట్టాడు. ఆమె చేరి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. కుప్పం వైపు పల్లెలు ఆమెవి, దూరం ఎక్కువ అన్నాడు. నావి రామసముద్రం, పుంగనూరు. దగ్గరే. ఆయన చెప్పింది న్యాయమే. అందుకే మరీ మండింది.

ఆమెది తంబళ్లపల్లె పక్క పల్లె. వాళ్లింట్లో గొర్రెలు మేపుకుని బతికేవాళ్లు. నన్ను అక్కా అని పిలిచేది. పొద్దున నేను హెల్మెట్ తీసి, అణిగిపోయిన జుట్టు సర్దుకుంటూ ఉండగా ఆమె కారు దిగేది. చీర మడత ఒక్కటీ నలిగేది కాదు. నా కళ్లు ఆ మడతల మీదే ఉండేవి. వాన పడితే, రాక్కా ఇంటికాడ దించుతాను అనేది. నాకింకా పనుందని చెప్పి, ఆమె వెళ్లాక తడుస్తూ పోయేదాన్ని.

పోయిన శీతాకాలంలో కుప్పంలో రైతుల మీటింగుకు ఇద్దరం కలిసి వెళ్లాము. మాట్లాడింది నేను. రైతులు మూగింది ఆమె చుట్టూ. ఒక ముసలాయన క్యాబేజీల సంచి తెచ్చి ఆమె కారు డిక్కీలో పెట్టి, తీసుకుపోమ్మా అన్నాడు. నా వంక చూడనైనా లేదు.

తిరుగు దారిలో పలమనేరు దాటాక ఆమె కారు పక్కకు ఆపింది.

“తల నొస్తాండాదక్కా. కొంచేపు నువ్వు నడుపుతావా?”

కారు ఎవరి పేరు మీదుంటే వాళ్లే నడపాలని మా ఆఫీసు బోర్డు మీద కాగితం అంటించి ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా దిగి అటువైపుకు వెళ్లాను.

ఆమె సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోయింది. పుంగనూరు రోడ్డు ఖాళీగా ఉంది. ఒక బస్సును దాటాను. తర్వాత ఒక లారీని. స్కూటీ మీద వెళ్తున్న నన్ను దుమ్ములో వదిలేసి దూసుకుపోయిన కార్లన్నీ గుర్తొచ్చాయి. కాలు ఇంకాస్త నొక్కాను. ఆ కాసేపు ఆ కారు నాది. పుంగనూరు వచ్చే ముందు ఆమెను లేపి, సీటు మారాను.

పది రోజుల తర్వాత కారు మీద అతివేగం నోటీసు వచ్చింది. సార్ ఆమెను పిలవడం నా టేబుల్ దాకా వినిపించింది. దాచుకోవడం దేనికి, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. ఏదో ఫైలు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లి నిలబడ్డాను. కాగితం మీద కారు వెనక భాగం ఫోటో, వేగం, తేదీ, సమయం, చోటు ఉన్నాయి. పలమనేరుకు, పుంగనూరుకు మధ్య. మధ్యాహ్నం మూడు దాటాక. ఆ వేళ స్టీరింగు నా చేతిలో ఉంది.

ఆమె కాగితం ఒకసారి చూసింది. “నేనే సార్. తొందరలో సూసుకోలేదు” అంది. ఆయన కాసేపు తిట్టాడు. ఆమె అక్కడే ఫోన్లో జరిమానా కట్టేసి వెళ్లిపోయింది. నా వైపు చూడలేదు.

నాకు కృతజ్ఞత కలగలేదు. కారు ఆమెదే అయింది, ఇప్పుడు మంచితనం కూడా ఆమెదే అయిందనిపించింది.

మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. నేను చర్చి గంట వింటూ పెరిగాను. ఆ ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే వేళ అందరూ లేచి ముందుకు వెళ్లారు. తప్పు దాచుకుని అవి తీసుకోకూడదంటారు, నేను బెంచీ మీదే కూర్చుండిపోయాను. సోమవారం పొద్దున్నే సార్ దగ్గరికి వెళ్లి, ఆ రోజు నడిపింది నేనని చెప్పాను.

అయితే ఆమె కారు నీకిచ్చిందన్నమాట, అన్నాడాయన. ఆ వారంలోనే కారును తిరుపతి ఆఫీసుకు పంపించేశారు.

కారు పోయిన సాయంత్రం ఆఫీసు మెట్ల మీద ఆమె నన్ను నిలిపింది.

“యాల సెప్పినావక్కా?”

“తప్పు నాది. నీ మీద పడితే ఎట్ల ఊరుకునేది?”

“స్పీడుగా పోయినందుకు తిట్టి ఇడిసిపెట్టినాడు. నీకిచ్చినందుకు కారే పాయ. ఆ కాయితం బోర్డు మీద ఉండాది గదా, నువ్వు సదవలేదా?”

“సదివినాను.”

ఆమె నా ముఖంలోకి చూసింది. “నిజం సెప్పు. నాకోసరమే సెప్పినావా?”

తెలీదన్నాను. ఇప్పటికీ తెలీదు.

ఇక ఆమె తెల్లారకముందే బస్సెక్కి, పలమనేరులో మారి కుప్పం పోయేది. మొదటి రోజు సాయంత్రం దుమ్ముతో, నలిగిన చీరతో ఆఫీసుకు వచ్చింది. చూడగానే నా లోపల ఏదో చల్లబడింది. అలా అనిపించలేదని రాయలేను. రెండో రోజుకు ఆ చల్లదనం లేదు. ఆమె చెప్పులు విప్పి మడమలు నొక్కుకుంటుంటే చూడలేకపోయాను. సార్‌ను అడిగి ఆమె పల్లెల్లో సగం నేను తీసుకున్నాను. రెండు నెలలు పని మాటలు తప్ప ఏమీ మాట్లాడుకోలేదు.

ఈ వేసవిలో కారు తిరిగి వచ్చింది. సార్ దాన్ని కొత్తగా చేరిన ఒకాయనకు ఇచ్చాడు. ఆయన తిరిగేది మదనపల్లె చుట్టుపక్కలే. ఆ మధ్యాహ్నం ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. కిటికీలోంచి ఇద్దరం చూశాము. ఆయన కారు అద్దాలు తుడుస్తున్నాడు, మూలలు కూడా వదలకుండా.

“ఆయప్ప సేరి మూడు నెలలు కాలేదక్కా” అంది మెల్లగా.

ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు వెంటనే తెలిసింది. పక్కనున్న కుర్చీ ఆమె వైపు లాగి, రెండు టీలు చెప్పాను.