ముంబై సెంట్రల్ అని చెప్పే పిల్ల

దర్శన రోజూ పొద్దున్నే తాముండే వరుస గదుల పాత చాల్ మెట్లు దిగి, గల్లీ మూలనున్న పోచమ్మ గూటి ముందు చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేది. తరువాత బస్సు కోసం నడిచేది. ఇంటికి దగ్గరలోనే ఒక స్టాపు ఉంది. అక్కడ ఆగేది కాదు. ఆ తరువాత ఇంకొకటి వచ్చేది. దాన్నీ దాటేది. వానలోనైనా ఒక చేత గొడుగు, ఇంకో చేత డ్రాయింగులు చుట్టిపెట్టిన ప్లాస్టిక్ గొట్టం పట్టుకుని, తడుస్తూ ముంబై సెంట్రల్ స్టేషను దాకా వెళ్ళి అక్కడ ఎక్కేది. బస్సులో కాలేజీ పిల్లలెవరైనా ఉంటే, తాను అక్కడ ఎక్కుతున్నట్టే వాళ్ళు చూడాలి.

ఎక్కడుంటావని ఎవరడిగినా "ముంబై సెంట్రల్" అనేది. అది పూర్తిగా అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఇల్లు కామాటిపుర పదో గల్లీలో. స్టేషను అక్కడికి మరీ దూరమేమీ కాదు.

ఆ మాట నేర్పింది తల్లి మంగళ. బడిలో వేసిన రోజున, జడలల్లుతూ నేర్పింది. మంగళ ఇంట్లో వంట చేసి ఆఫీసులకు డబ్బాలు పంపుతుంది. ఆమె చెప్పుకునే చిరునామా కూడా అదే. పేట పేరు చెప్పగానే ఎదుటివాళ్ళ చూపు ఎట్లా మారుతుందో ఆమెకు చిన్నప్పటి నుంచీ ఎరుకే. అక్కడి కొన్ని గల్లీల్లో ఆడవాళ్ళ బతుకులు ఎట్లా నలిగిపోయాయో లోకమంతటికీ తెలుసు. అదే పేటలో తెలుగువాళ్ళు తరతరాలుగా దేవుడికి దీపం పెట్టుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ బతుకుతున్నారన్నది ఎవరికీ పట్టదు. పట్టనివాళ్ళకు చెప్పీ చెప్పీ విసిగి, మంగళ పేరును మింగేయడం నేర్చుకుంది.

పన్నెండో తరగతి అయ్యాక దర్శన ఒక ప్రింటింగ్ షాపులో పనికి కుదిరింది. ఆర్కిటెక్చర్ కాలేజీకి ఎదురుగా ఉంటుంది ఆ షాపు. పిల్లలు తెచ్చిన పెద్దపెద్ద డ్రాయింగులు యంత్రంలోంచి బయటికొస్తుంటే, అంచులు కత్తిరించి చుట్టి ఇవ్వడం ఆమె పని. చుట్టేముందు ఒక్కసారి పరిచి చూసుకునేది. గోడలు, తలుపులు, మెట్లు, చెట్ల నీడలు. ఈ గీత ఏమిటి, ఆ చుక్కలేమిటి అని వచ్చినవాళ్ళనల్లా అడిగేది. షాపు యజమాని తుషార్ మరాఠీవాడు, మితభాషి. ఒకనాడు ఆమె కూర్చునే స్టూలు మీద ఆ కాలేజీ ప్రవేశ పరీక్ష పుస్తకం ఒకటి కనబడింది. ఎవరు పెట్టారో అడగనక్కర లేకపోయింది, ఎందుకంటే ఆయన ఆ పూటంతా ఆమె వైపు చూడలేదు.

మొదటిసారి సీటు రాలేదు. మరుసటేడు వచ్చింది. పగలు కాలేజీ, సాయంత్రం షాపు. గిరాకీ లేనప్పుడు గల్లా బల్ల మీదే గీసుకోమన్నాడు తుషార్. ఇంట్లో ఆ వసతి లేదు. ఉన్నది ఒక్క గది, ఆ ఖోలీలోనే నలుగురు మనుషులు, పొయ్యి, మంగళ డబ్బాలు. కాగితం పరిస్తే కాలు పెట్టే చోటుండదు. పక్క ఖోలీ రాజవ్వది, ఒంటరి ముసలమ్మ. ఆమె తెల్లవారుజామునే లేచి, స్నానం చేసి, జపమాల తీసుకుని, గదుల ముందు బారుగా సాగే గ్యాలరీలోకొచ్చి కూర్చునేది. "నా ఖోలీ ఖాళీగున్నది, గీస్కో పో బిడ్డా" అనేది. చలికాలంలోనూ అంతే. బయట కూర్చుంటేనే జపం కుదురుతుందని ఆమె వాదన. జపం ఎక్కడైనా కుదురుతుందని దర్శనకు తెలియనిది కాదు.

అట్లా ఏళ్ళు గడిచి ఆఖరి సంవత్సరానికి వచ్చింది. ఆ ఏడాది ప్రతి విద్యార్థీ తనకు తానుగా ఒక స్థలం ఎంచుకుని, అక్కడికి ఏం కావాలో ఆలోచించి, మొత్తం కట్టడాన్ని గీసి పరీక్షకుల ముందు నిలబడాలి. దర్శన వర్లిలో మూతబడిన ఒక మిల్లు స్థలం ఎంచుకుంది. కూలీల కోసం ఇళ్ళు గీసింది. చక్కగా గీసింది. ఆమెకు పాఠం చెప్పే అతుల్ సర్ ఆ డ్రాయింగుల ముందు చాలాసేపు నిలబడి, "గోడలు బాగున్నాయి. మరి ఈ ఇళ్ళలో ఎవరుంటున్నారమ్మా?" అని అడిగారు. ఆ వెంటనే తనే, "నాకెవరూ కనబడటం లేదు" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ తగిలింది. మార్కులు చాలలేదు. ఇంకో ఆరు నెలలు చదివి మళ్ళీ నిలబడాలి. ఈసారీ తప్పితే, పని చేసుకుంటూ చదివే ఓపిక తనకుగాని, ఖర్చు భరించే ఓపిక ఇంటికిగాని మిగలదని ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రం రాజవ్వ గ్యాలరీలో బియ్యం ఏరుతూ, "ఎవరిల్లు గీసినవ్ బిడ్డా?" అని అడిగింది. వర్లి అని చెప్పింది దర్శన. ముసలమ్మ చేట దులుపుతూ, "గాళ్ళు నీకు చుట్టాలా? మనిల్లు ఎందుకు గీయలే?" అంది. మామూలుగా అడిగిన మాటే. దర్శన మాత్రం అన్నం ముందు కూర్చున్నాక కూడా అదే తలచుకుంటూ ఉండిపోయింది.

రెండు రోజులకు టేపు తెచ్చి గ్యాలరీ కొలవడం మొదలుపెట్టింది. మంగళ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"ఏం జేస్తున్నవ్?"

"మన చాల్ గీస్తున్న. పరీక్షకు ఇదే పెడుత."

"గీస్కో. పేరు మాత్రం రాయకు."

"పేరు లేకుంటే నక్ష ఎట్లైతదమ్మా?"

"రేపు నౌకరి ఇచ్చేటోళ్ళు గా పేరే జూస్తరు. ఇన్నేండ్లు దాచుకుంటొచ్చిన. ఒక్క కాగితంతోటి పాడు జేసుకుంటవా?"

రాజవ్వ టేపు కొసను బొటనవేలి కింద తొక్కిపట్టి నిలబడి ఉంది. "ఏందే మంగళా, దొంగతనం జేసినమా దాచనీకి? మా మామ పాలమూరు నుంచొచ్చి రాళ్ళు మోసిండు. గసొంటి కామాటి కూలోళ్ళు ఉన్నరనే ఈ జాగకు గా పేరొచ్చింది."

"నీకేమవ్వా, నిన్ను నౌకరి ఎవరడుగుతున్నరు?"

"ఎవరు అడగరు గనకనే నిజం జెప్తున్న."

మంగళ లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరువాత కొన్నాళ్ళు కూతురికి డబ్బా కట్టి ఇవ్వడం మానలేదు గాని, మాట మాత్రం అవసరానికే.

దర్శన ఖోలీ ఖోలీకీ వెళ్ళింది. గుమ్మంలో నిలబడి అడిగితే కాదన్నవాళ్ళు లేరు. చాయ్ ఇవ్వకుండా పంపినవాళ్ళూ లేరు. స్నానానికీ గిన్నెలకూ వాడే మోరీ ఎంత, అటక ఎంత ఎత్తు, దేవుడి గూడు ఏ గోడకు, పరుపులు పగలు ఎక్కడ పెడతారు, అన్నీ రాసుకుంది. లోపలి కొలతలు తొందరగానే అయిపోయాయి. గ్యాలరీ మాత్రం ఎంతకీ తెగలేదు. అక్కడే కూరలు తరుగుతారు, పిల్లల చేత లెక్కలు చేయిస్తారు, వేసవిలో మగవాళ్ళు పడుకుంటారు, బతుకమ్మ పేరుస్తారు, చావు వస్తే వచ్చినవాళ్ళు కూర్చుంటారు. గల్లీ వెడల్పు కొలిచేప్పుడు, అవతలి భవనం మెట్ల మీద కూర్చున్న ఒకామె ఎవరూ అడగకుండానే లేచి, టేపు రెండో కొస నేలకదిమి పట్టుకుంది. మొహాన నిద్రలేమి, పెదాలకు నిన్నటి రంగు. పని అయ్యాక, నా ఇల్లు కూడా గీస్తావా అని హిందీలో అడిగింది. గీస్తానంది దర్శన. ఆ భవనాన్నీ, ఆ మెట్లనూ తన నక్షలో చేర్చుకుంది.

ఒక ఆదివారం రాజవ్వకు మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయింది. దర్శన టేపు కొస మీద ఇటుక పెట్టి ఇటు వస్తే, అది జారిపోయి సర్రున చుట్టుకుపోయేది. మూడోసారి అట్లా జరిగేసరికి, పిండి చేతులతోనే మంగళ బయటికొచ్చి కొస మీద కాలు పెట్టి నిలబడింది.

"సరిగ్గ రాయి. మళ్ళ మళ్ళ పట్టుకోను" అంది. ఆ రోజు చీకటి పడేదాకా పట్టుకుంది.

పరీక్షకు ముందురోజు షాపులో డ్రాయింగులన్నీ ప్రింటయ్యాయి. తుషార్ ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూస్తూ, ఆగిపోయాడు. మూలన స్థలం పేరు రాసే చోట ముంబై సెంట్రల్ అని ఉంది. ఒకదానిలో కాదు, అన్నిటిలోనూ. దర్శన వంగి చూసుకుంది. తల్లి ఒద్దన్నందుకు రాసింది కాదు, భయపడి రాసిందీ కాదు. చిన్నప్పటి నుంచి నాలుకకు పట్టిన మాట, చేతికీ పట్టేసింది. తుషార్ ఆమెతో, "నువ్వు మార్చు, నేను కాగితం ఎక్కిస్తాను" అని మాత్రం అన్నాడు. పాడైన కాగితాల మాట అప్పుడూ ఎత్తలేదు, తరువాతా ఎత్తలేదు. ఆమె షాపు కంప్యూటర్‌లో ఒక్కొక్క డ్రాయింగు తెరిచి, అక్షరాలు చెరిపి, కామాటిపుర అని రాసుకుంటూ వచ్చింది. మొదటి రెండింటికి వేళ్ళు మళ్ళీ పాత పేరే కొట్టబోయి తడబడ్డాయి. ఆ తరువాత తడబడలేదు.

మరునాడు పరీక్షకులు ముగ్గురు కూర్చున్నారు. అతుల్ సర్ పక్కన, బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు. పాత చాల్ స్థానంలో దర్శన గీసిన కొత్త భవనంలో ప్రతి ఇంటికీ సొంత స్నానాల గది ఉంది, గాలి ఉంది. అయితే గ్యాలరీ చాలా వెడల్పు. పెద్దాయన దాని మీద వేలు పెట్టి, ఇంత చోటు నడవడానికి వృథా చేశావేమిటి, దీన్ని గదుల్లో కలపొచ్చుగదా అన్నాడు.

"గదిలో ఉండేది సగం ఇల్లే సర్. మిగతా సగం గ్యాలరీలో ఉంటుంది" అంది దర్శన. పాత గ్యాలరీ డ్రాయింగు చూపిస్తూ, ఏ చోట ఏ వేళకు ఎవరు కూర్చుంటారో వరుసగా చెప్పుకుపోయింది.

ఆయనకు ఆసక్తి కలిగింది. "అక్కడికి చాలాసార్లు వెళ్ళి ఉంటావే" అన్నాడు.

అవునంటే సరిపోయేది. ఆయన తలూపి తరువాతి కాగితం తిప్పేవాడు. అబద్ధం కూడా కాదది. వెనక కూర్చున్న తోటిపిల్లలంతా వింటున్నారు. దర్శన మనసులో పోచమ్మ తల్లిని తలచుకుంది.

"వెళ్ళలేదు సర్. నేను అక్కడే పుట్టాను. రెండో అంతస్తు, మెట్లెక్కగానే రెండో తలుపు మాది. కామాటిపురలో."

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, ఆ రెండో తలుపు ఎక్కడుందో కాగితం మీద వెతుక్కున్నాడు. దొరికాక దాని మీద వేలు ఉంచి, అక్కణ్ణుంచి మెట్ల దాకా, మెట్ల నుంచి గల్లీ దాకా మెల్లగా జరుపుకుంటూ వచ్చాడు. అతుల్ సర్ మాత్రం ఆ ఇళ్ళలో ఎవరుంటున్నారని ఈసారి అడగలేదు.

దర్శన మంచి మార్కులతో గట్టెక్కింది. ఫలితం వచ్చిన రోజు, డబ్బాలు తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషితో మంగళ, "నా బిడ్డ ఆర్కిటెక్ట్ అయింది" అని మరాఠీలో చెప్పింది. ఈ చాల్ పిల్ల ఆర్కిటెక్టా అని అతను ఆశ్చర్యపోతే, "ఈ చాల్‌దే, ఈ గల్లీదే. ఆఫీసుల అందరికీ చెప్పు" అంది. రాజవ్వ విననట్టు జపమాల పట్టుకుని కూర్చుంది గాని, పూసలు మాత్రం కదలడం లేదు. సాయంత్రం కూతురికి తల దువ్వుతూ మంగళ ఒక మాట చెవిన వేసింది.

మరునాడు దర్శన అతుల్ సర్ గదికి వెళ్ళింది. ఆయన లేచి నిలబడి మరీ అభినందించారు. దాదర్‌లో తెలిసినవాళ్ళ ఆఫీసు ఉందనీ, సిఫారసు ఉత్తరం రాసిస్తాననీ, ఇంకేం సాయం కావాలన్నా మొహమాటపడకుండా అడగమనీ అన్నారు. ఉత్తరానికి ఆమె చేతులు జోడించింది. కాని గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఒక్కటి అడుగుతాను, కాదనకూడదు సర్. ఆదివారం మా అమ్మ పోచమ్మకు బోనం తీస్తుంది. మీరు మా ఇంటికి భోజనానికి రావాలని అమ్మే పిలవమంది. గ్యాలరీలోనే విస్తర్లు వేస్తాం, అందరూ ఉంటారు. టాక్సీ అతనికి కామాటిపుర అని గట్టిగా చెప్పండి సర్. పదో గల్లీ."