గెడ్డపాలెం గేటు తెరిచిన రోజు

కరోనా సద్దుమణిగిన మరుసటేడు వేసవి. అప్పటికి నేను విశాఖ పోర్టులో డైవర్‌గా చేరి ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఓడల అడుగున పట్టిన నాచు గీకడం, ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న తాళ్ళు కోయడం, జెట్టీ స్తంభాలు ఎక్కడైనా బీటలిచ్చాయేమో తడిమి చూడటం నా పని. హార్బరు నీళ్ళలో కళ్ళకంటే చేతులకే పనెక్కువ.

ఒక ఆదివారం పొద్దున్న మల్కాపురంలో మా ఇంటికి సన్యాసమ్మ వచ్చింది. కంచరపాలెం మార్కెట్లో చేపలమ్ముతుంది. మా ఆవిడ ఆమె దగ్గరే కొంటుంది. ఆ చేపలు సముద్రానివి కావు. నగరానికి పడమర కొండల మధ్య ఉన్న గెడ్డపాలెం రిజర్వాయరువి. సన్యాసమ్మది ఆ ఊరే.

"రఫీ బాబూ, మా నీల్లు తీసేత్తారంట. నువ్వొకపాలి దిగి సూడాల," అంది, కూర్చోకుండానే.

సంగతేమిటంటే, ఆ ఆనకట్ట కింద ఒక ప్రైవేటు కంపెనీకి చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది. దాని లైసెన్సు గడువు తీరిపోతోంది. రెన్యూవల్ కావాలంటే స్కవర్ గేటుని అధికారుల ఎదుట తెరిచి, మళ్ళీ మూసి చూపించాలి. స్కవర్ గేటంటే ఆనకట్ట అడుగున ఉండే తలుపు. పేరుకున్న ఒండ్రుని బయటికి వదలడానికీ, ప్రమాదమొస్తే నీటిమట్టం త్వరగా దించడానికీ అదే ఆధారం. గెడ్డపాలెం గేటుని ఏళ్ళ తరబడి ఎవరూ తిప్పలేదు. ఒండ్రులో కూరుకుపోయింది. అంత మరమ్మతు ఎందుకు, లైసెన్సు వదిలేసుకుని, గోడకి గండి కొట్టి నీళ్ళు ఖాళీ చేసేస్తే పోలా అన్నది కంపెనీ ఆలోచన. దిగువ ఊళ్ళకి తాగునీరు ఆ రిజర్వాయరుదే. పొలాల తడి అదే. సన్యాసమ్మ లాంటివాళ్ళకి తిండి కూడా అదే.

ఊళ్ళన్నీ కలిసి కంపెనీ ఆఫీసు ముందు కూర్చున్నాయి. చివరికి అక్కడి ఇంజనీరు మాధురి గారు ఒక దారి చూపించారు. నీళ్ళు ఖాళీ చెయ్యకుండానే డైవర్లు గేటుని బయటపెట్టగలిగితే, మట్టి తోడే పని ఊళ్ళవాళ్ళు నెత్తికెత్తుకుంటే, పైవాళ్ళని తను ఒప్పిస్తానన్నారు.

"గేటు నువ్వు సూపింతే సాలు. మిగతాది మాం సూసుకుంతాం," అంది సన్యాసమ్మ.

నా టెండర్ అప్పలరాజుని తీసుకుని వెళ్ళాను. టెండరంటే ఒడ్డున ఉండి డైవర్ గాలిగొట్టం, ఫోను తీగ చూసుకునే మనిషి. కింద ఉన్నవాడి ప్రాణం అతని చేతుల్లో ఉంటుంది. అప్పలరాజూ నేనూ పనిలో చేరిన దగ్గర్నుంచీ జంటే.

కొండనీళ్ళు హార్బరు కంటే చల్లన, నలుపు మాత్రం అంతే. గోడ తడుముకుంటూ దిగితే గేటు పైఅంచు చేతికి తగిలింది. మిగతాదంతా మెత్తటి బురదలో ఉంది. ఎయిర్‌లిఫ్ట్ పెట్టాం. లావుపాటి గొట్టం అడుగులోకి కంప్రెసర్ గాలి పంపిస్తే, ఆ బుడగలతోపాటు బురద పైకి లేచొస్తుంది. పైన తెప్పల మీద జనం ఆ బురదని పట్టుకుని ఒడ్డుకి చేర్చారు. ఆడవాళ్ళు తట్టల్లో పొలాలకి మోసుకుపోయారు. ఎరువు కింద పనికొస్తుందట.

మాధురి గారు రెండు విషయాల్లో పట్టు విడవలేదు. ఒకటి, నేను కింద ఉన్నంతసేపూ గేటు తిప్పే చక్రానికి గొలుసేసి తాళం పెట్టాలి. గేటుకి ఒక పక్క రిజర్వాయరు బరువంతా ఉంటుంది, రెండో పక్క ఖాళీ. మధ్యలో కాస్త సందు పడిందా, ఆ లాగుడుకి మనిషి అతుక్కుపోతాడు, ఇక ఊడిరాడు. మా వృత్తిలో దీన్ని డెల్టా పీ అంటారు. షార్కుల గురించి అడిగేవాళ్ళకి నేను దీని గురించే చెబుతాను. రెండోది, స్టాప్ లాగులు సిద్ధంగా ఉండాలి. గేటు మొరాయిస్తే దాని ముందు గోడలో ఉన్న గాడుల్లోకి పైనుంచి దించే పలకలవి. గాజువాక వెల్డింగ్ షాపులో పనిచేసే ఆ ఊరి అన్నదమ్ములు సెలవు పెట్టి ఇనుముతో చేసిపెట్టారు.

అధికారులు వచ్చిన రోజు గట్టంతా జనం. చక్రం తిప్పుతుంటే గోడ లోపల్నుంచి మూలుగు లాంటి చప్పుడొచ్చింది. కాసేపటికి దిగువన ఎర్రటి నీళ్ళు చిమ్ముకొచ్చాయి. జనం ఈలలేశారు. సన్యాసమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"సరే, మూయండి," అన్నాడు పెద్ద అధికారి.

చక్రం సగం తిరిగి ఆగిపోయింది. ఎంతమంది పట్టినా కదల్లేదు. నీళ్ళ వడికి ఎక్కడిదో మొద్దు కొట్టుకొచ్చి గేటు కింద ఇరుక్కుంది. కళ్ళముందే నీళ్ళు ఒడ్డుని విడిచి వెనక్కి జారుతున్నాయి, తడిబురద ఎండకి మెరుస్తోంది. ఏది జరక్కూడదని ఇన్నాళ్ళూ తాపత్రయపడ్డారో అదే జరుగుతోంది.

స్టాప్ లాగు దించారు. లాగుడుకి అది ఓ పక్కకి ఒరిగి మధ్యలోనే బిగుసుకుంది. దాని కింది అంచుని ఎవరైనా గాడిలోకి నెడితే చాలు. నేను డైవింగ్ సూట్ తొడుక్కోవడం మొదలుపెట్టాను.

"బావా, ఏటి సేత్తన్నావ్?" అన్నాడు అప్పలరాజు.

"పక్కనుంచి దిగి తోసేత్తాను. చిటికెలో పని."

"నాను గొట్టం అట్టుకోను. నీ ఇష్టం."

మాధురి గారు కూడా వద్దన్నారు, కానీ ఆవిడ చూపు తగ్గుతున్న నీళ్ళ మీదే ఉంది. జనంలోంచి ఎవరో, "ఆయనకి తెల్దేటి? దిగనివ్వండి!" అని అరిచారు. ఆ కళ్ళన్నీ నా మీదే ఉంటే ఆగడం కష్టంగా ఉంది. హెల్మెట్ కోసం చెయ్యి చాపాను. అది అక్కడ లేదు. సన్యాసమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని గోడమీద కూర్చుంది.

"అమ్మా, ఇలా ఇవ్వు. మీ నీళ్ళు పోతన్నాయి."

"నీల్లు పోతే వానలకి మల్లీ వత్తాయి బాబూ. నిన్ను ఎక్కణ్ణించి తేవాల? మీ ఆవిడకి నాను ఏ మొకం ఎట్టుకుని సేపలమ్మాల?"

నేను చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె అరిచినాయన వైపు తిరిగింది. "సూత్తారేటి? రాల్లట్టుకు రండి!"

పలకని చైన్ బ్లాకుతో, అంటే గొలుసు కప్పీతో, పైకి లాగి, రెండు కొసలకీ పెద్ద పెద్ద రాళ్ళు కట్టి మళ్ళీ దించారు. మళ్ళీ ఒరిగింది. మళ్ళీ లాగారు. మాధురి గారు గోడ అంచున బోర్లా పడుకుని, ఏ పక్క వదలాలో, ఏ పక్క ఆపాలో చెబుతూనే ఉన్నారు. ఎండ తగ్గే వేళకి పలకలన్నీ కూర్చున్నాయి. సందుల్లోంచి ఇంకా కారుతుంటే గడ్డి కుక్కిన గోనెసంచులు తాళ్ళకి కట్టి దించారు. నన్ను లాక్కోవాల్సిన ఆ లాగుడే వాటిని సందుల్లోకి లాక్కుంది. దిగువన ధార సన్నబడి, ఆగింది.

అప్పటికి నీళ్ళు సగానికి పైగా పోయాయి. ఆ వేసవి వాళ్ళు చాలా ఇబ్బందిపడ్డారు. ఊళ్ళకి ట్యాంకర్లు తోలారు. సన్యాసమ్మ హార్బర్లో సముద్రపు చేపలు కొనుక్కొచ్చి అమ్మింది. ప్రవాహం ఆగాక నేను నింపాదిగా దిగి మొద్దుని కోసి తీశాను. వానల తర్వాత అధికారులు మళ్ళీ వచ్చారు. గేటు తెరుచుకుంది, మూసుకుంది. లైసెన్సు వచ్చింది. వర్షాకాలంలో నీటిమట్టం కాస్త తగ్గించి ఉంచాలన్న షరతుకి, తమ పొలాలకి నీళ్ళెక్కవని పైగట్టు రైతులు గొణిగారు గానీ, రిజర్వాయరు మిగిలింది.

ఎప్పుడు పైకొస్తావని తొందరపెట్టినవాళ్ళే తప్ప దిగొద్దని నన్ను ఆపినవాళ్ళు అంతకుముందు లేరు. అది కూడా ఎవరు? ఆ నీళ్ళు పోతే అందరికంటే ఎక్కువ నష్టపోయేవాళ్ళు. దిగనని చెప్పడం కూడా డైవర్ పనిలో భాగమేనని నేను వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను.

మొన్నామధ్య ఒక ఓడ కింద పని పడింది. సముద్రపు నీళ్ళు లోపలికి తోడే పంపులు నడుస్తున్నాయి. వాటిని ఆపితేనే దిగుతానన్నాను. ఓడ బయల్దేరడం ఆలస్యమవుతుందని కెప్టెన్ విసుక్కున్నాడు. అవనీండి అన్నాను. పంపుల చప్పుడు ఆగేదాకా అప్పలరాజూ నేనూ టీ తాగుతూ జెట్టీ మీదే కూర్చున్నాం.