డైనింగ్ హాల్ గోడకు సీతాఫలాలు

మేడ్చల్‌లో మేం కట్టుకున్న కొత్త ఇంట్లో, డైనింగ్ హాల్ తూర్పు గోడ ఖాళీగా ఉందని బాపుకు ఒకటే బెంగ. తొంభైల చివరి మాట. శామీర్‌పేట వైపున్న మా పొలం ప్లాట్లయింది. బాపు రెండంతస్తుల ఇల్లు కట్టి, పార్టీ పనుల మీద తిరగడం మొదలుపెట్టాడు. ఆయన వెళ్లిన ప్రతి పెద్దమనిషి ఇంట్లోనూ భోజనాల బల్ల వెనక ఒక పండ్ల పటం ఉందట. ఆపిల్లు, నల్లద్రాక్ష, మెడ సన్నగా ఉండే ఏదో పచ్చపండు. అది లేకుంటే ఎంత ఖర్చు పెట్టి కట్టినా ఇల్లు ఇల్లే కాదని ఆయన నమ్మకం.

నా డిగ్రీ అప్పటికి అయిపోయింది. నగరంలో బొమ్మలు నేర్పే కాలేజీలో చేరతానని ఏడాదిగా పోరుతున్నాను. "లీడర్ బిడ్డ దినాం బస్సుల ఏలాడుకుంట పోతదా? నలుగురు ఏమంటరు?" అనేవాడు బాపు. ఆయన కోపిష్టి కాదు. కోప్పడే మనిషైతే పోట్లాడవచ్చు. ఆయన నవ్వుతూ, నా పళ్లెంలో ఇంకో ముక్క వేస్తూ కాదనేవాడు. ఊళ్లో ఉన్నప్పుడు కనీసం పొలం దాకా పోయేదాన్ని. ఇక్కడ గేటు దగ్గర నిలబడినా అమ్మ లోపలికి పిలిచేది. ఇల్లు పెద్దదయింది, నాకు మాత్రం ఊపిరాడేది కాదు.

అందుకే ఆ ఖాళీ గోడను చూసి ఆశ పడ్డాను. "పటం నేను ఏస్త బాపు. మంచిగొస్తే కాలేజీకి తోలుతవా?" అని అడిగాను.

"ముందుగాల ఎయ్యి బిడ్డా, సూద్దాం" అన్నాడు ముచ్చటపడి. ఆ ఒక్క మాట పట్టుకుని నేను మనసులో కాలేజీ దాకా వెళ్లిపోయాను.

దసరా ముందు రోజులవి. గుట్టల మీద సీతాఫలాలు విరగకాసి ఉన్నాయి. గౌడవెల్లి నుంచి మా ఇంటికి గంపలకు గంపలు వచ్చేవి. బాపు మాత్రం ఆపిల్లే వేయమన్నాడు. "సీతాఫలం ఊకెనే దొరుకుతది. గోడకు పెట్టేదానికి జర పెద్దరికం ఉండాలె" అన్నాడు. నేను వినలేదు. కాలేజీ ప్రవేశ పరీక్షలో ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసే వేయమంటారని విన్నాను. చేయి ఇప్పుడే అలవాటు పడాలి కదా.

కానీ సీతాఫలం బొమ్మకు కూర్చునే పండు కాదు. మా అవ్వ, అంటే బాపు తల్లి, కండ్లు విచ్చుకున్న కాయల్ని వరిగడ్డిలో మాగబెట్టేది. పొద్దున్నే ఒక్కోదాన్నీ నొక్కి చూసి, మెత్తబడ్డవాటిని ఇంట్లో వాళ్లకు పంచేది. నేను పళ్లెంలో పేర్చుకున్నవి కూడా ఆమె దృష్టిలో తినే పండ్లే. నేను రంగులు కలుపుకునేలోపు ఒకటి మాయమయ్యేది.

"అవ్వా, అది బొమ్మ కోసం పెట్టిన!" అని అరిచేదాన్ని.

"నీ బొమ్మ కోసం ఆగుతదా అది? ఇగో, గీ కాయ పెట్టుకో. గది గూడ గిట్లనే ఉండె" అనేది అవ్వ, నోట్లోని గింజ ఊసేస్తూ.

ఎక్కడ ఉంటుంది అట్లాగే! కన్ను కన్నుకూ నీడ మారిపోయేది. తిట్టుకుంటూ మళ్లీ మొదలుపెట్టేదాన్ని. పటంలో కనబడేవి కొన్నే పండ్లు గానీ, వాటి వెనక మా ఇంటిల్లిపాదీ తినేసిన గంపెడు పండ్లున్నాయి.

ముందు వరుసలో ఒకదాన్ని విప్పి వేశాను. గుజ్జు తెలుపని అనుకుంటాం గానీ కాదు. నీడలో బూడిదరంగు, తొక్క అంచున లేత గులాబీ. నల్ల గింజ మీద కిటికీ వెలుతురు చుక్కంత మెరిసింది. అది పూర్తయ్యాక నా చేతిని నేనే తిప్పి చూసుకున్నాను. కాలేజీ వాళ్లు ఈ ఒక్క పండు చూస్తే చాలు, నన్ను తీసుకుంటారనిపించింది.

బాపు చాలాసేపు చూశాడు. ఆయన కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి. తర్వాత కొంచెం మొహమాటంగా, "గా పలిగిన పండొక్కటి మూసెయ్ బిడ్డా" అన్నాడు. "దేవునికి నిండు పండ్లే పెడతం గద. గోడకు గిట్ల పలిగింది పెడితే ఎంగిలి పెట్టినట్టుంటది."

అమ్మ తలూపింది. అవ్వ కూడా ఊపింది. కాలేజీని తలుచుకుని ఒప్పుకున్నాను. గుజ్జు మీద ఆకుపచ్చ రంగు పూసి, ఒక్కో కన్నూ దిద్ది, పండును మూసేశాను. వేస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను.

దసరా రోజు ఇంటికి వచ్చిన ప్రతివాళ్లనూ బాపు ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. "నా బిడ్డ ఇంట్లనే కూసోని ఏసింది. ఏ కాలేజీకి పోలే, ఏ సారూ నేర్పలే!" అని చెప్పుకున్నాడు. అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు అడిగితే, "ఇంత మంచిగొస్తుంటే ఇగ కాలేజీల నేర్చుకునేదేముంది?" అన్నాడు. బాగా రాకపోతే, రాని పని నీకెందుకు అనేవాడు. ఎట్లా వేసినా ఓడిపోయేదాన్నేనని నాకు ముందే తట్టలేదు.

ఆ తర్వాత బహదూర్‌పల్లిలో, శామీర్‌పేటలో తెలిసినవాళ్లు ఎవరు ఇల్లు కట్టినా, అందరూ గోడగడియారాలు ఇస్తే బాపు నా పటం ఇచ్చేవాడు. వాళ్లకు సీతాఫలాలు నచ్చేవి కావు. క్యాలెండర్ చూసి ఆపిల్లు వేశాను, నేనెన్నడూ తినని ఆ మెడ సన్నపు పండ్లు వేశాను. అన్నీ నిండు పండ్లే. ఏటా కాలేజీ దరఖాస్తు మాటెత్తితే, "ముందుగాల గా సర్పంచి ఇంటి పటం కానియ్యి" అనేవాడు. అట్లా రెండువేల సంవత్సరం దాటింది. ఆ కాలేజీకి వయసు పరిమితి ఉంది. నాకు మిగిలిన ఆఖరి ఏడు రానే వచ్చింది.

ఆ ఏడు అన్నం మానేసి కూర్చున్నాను. బాపు దిగివచ్చాడు. దరఖాస్తు గడువు ఆఖరి రోజున తనే కార్లో తీసుకుపోతానని మాటిచ్చాడు. ఆ రోజు పొద్దున్నే జడ వేసుకుని, బొమ్మలు కట్ట కట్టుకుని వరండాలో కూర్చున్నాను. చిన్న పనుంది, జల్దీ వస్తానని ఆయన కారు తీసుకుని వెళ్లాడు. పన్నెండయింది, రెండయింది. అమ్మ అన్నానికి పిలిస్తే లేవలేదు. కాలేజీ ఆఫీసు మూసేసే వేళ దాటాక కారు గేట్లోకి వచ్చింది.

బాపు చెమటలు కక్కుతూ దిగాడు. వెనక సీట్లోంచి నా ఎత్తున్న కాన్వాసు చుట్ట, ఆయిల్ రంగుల పెట్టె తీశాడు. వాటి కోసం నగరమంతా తిరిగాడట. "గా కాలేజీల గూడ గిసుంటిది దొరకదంట. ఇగ నువ్వు యాడికీ పోయే పనిలేదు బిడ్డా" అన్నాడు. ఆయన మొహంలో మోసం వెతికాను. లేదు. పండక్కి బట్టలు తెచ్చిన తండ్రి మొహమే ఉంది.

కాన్వాసు కొస విప్పి నా చేతికిచ్చాడు. "మంచిగుందా?" అని అడిగాడు.

"మంచిగుంది బాపు" అన్నాను. నిజంగానే చాలా బాగుంది.